దూరపు బేరము: సొమ్ము చేతికి వచ్చు మార్గములు



పంట పండించుట యొక విద్య. పండిన పంటను మంచి ధరకు అమ్ముట రెండవ విద్య. అమ్మిన సరుకు సొమ్మును ఎక్కువ తరుగు లేకుండ చేతికి తెచ్చుకొనుట మూడవ విద్య. మొదటి రెండింటిని గూర్చి మన సమావేశములలో తఱచుగా చర్చ జరుగును. మూడవదానిని గూర్చి మాట్లాడుట అరుదు. ఏలయన, గుంటూరు యార్డునకు టిక్కీలు తోలి, కమీషను వర్తకుని చీటీ పుచ్చుకొని వచ్చు అలవాటులో సొమ్ము వచ్చు దారి యొక్కటియే. అచ్చట ఎంచుకొనవలసిన పని లేదు.

ఇప్పుడు ఆ స్థితి మాఱుచున్నది. 2024–25 పంటకాలమున మిరప ధర యెట్లు క్రుంగినదో మీరెఱుగుదురు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద మన రాష్ట్రపు మిరపకు క్వింటాలునకు 11,781 రూపాయల ధర నిర్ణయింపవలసి వచ్చెను. అట్టి కాలమున కాయనంతయు యార్డునకే తోలక, కొంత కాయను తొడిమ తీసి, ఆడించి, కారముగా పొట్లములు కట్టి, ఫోను ద్వారమున హైదరాబాదు, బెంగుళూరు నగరములలోని గృహస్థులకు నేరుగా అమ్ముదమను ఆలోచన పలువురకు కలుగుచున్నది. కొత్తపట్నము వంటి తీరగ్రామములో జీడిపప్పునకును, పచ్చళ్లకును ఇదియే మార్గము. ఆలోచన మంచిదే. కాని దూరమున నున్న కొనుగోలుదారుడు "నా యొద్ద క్రెడిట్ కార్డు కలదు, పుచ్చుకొందురా?" యని యడిగినప్పుడు ఏమి చెప్పవలెను? తెలియక ఔనన్నను నష్టమే, తెలియక కాదన్నను నష్టమే. ఈ పాఠము ఆ ప్రశ్నకు సమాధానము.

1. కార్డు అనగా నేమి?

మన యిండ్లలో నున్న కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చినది. అది పంట అప్పును బ్యాంకునుండి తీసికొనుటకు రైతునకిచ్చిన సాధనము. నగరవాసి చేతిలోని క్రెడిట్ కార్డు వేఱు. అతడు నేడు సరుకు కొనును. అతని బ్యాంకు అతని తరపున సొమ్ము చెల్లించును. అతడు బిల్లు గడువు వచ్చినప్పుడు బ్యాంకునకు తీర్చును. డెబిట్ కార్డునందు అప్పు లేదు. కొనువాని ఖాతాలో నున్న సొమ్మే కదలును. ఈ భేదమును మనస్సున నుంచుకొనవలెను. ఏలయన, రెండింటికి రుసుము ఒక్కటి కాదు.

కార్డు మన తెలుగువారికి క్రొత్త వస్తువు కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులను ప్రవేశపెట్టెను. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. దూరపు బేరము కూడ క్రొత్త కాదు. 1877లోనే తపాలా శాఖవారు వి.పి.పి. పద్ధతిని ప్రారంభించిరి. పుస్తకము గాని మందు గాని తపాలాలో వచ్చును. బంట్రోతు సొమ్ము పుచ్చుకొని కట్ట నిచ్చును. ఆ సొమ్ము అమ్మినవానికి చేరును. నేటి పద్ధతులన్నియు ఆ మూల సూత్రమునకు రూపాంతరములే: ఒకరినొకరు ఎఱుగని యిద్దఱి నడుమ నమ్మకమైన మూడవవాడు నిలుచును, నిలిచినందుకు కూలి పుచ్చుకొనును.

కార్డు బేరములో ఆ మూడవవాడు ఒక్కడు కాడు. కొనువానికి కార్డు నిచ్చిన బ్యాంకు ఒకటి. రూపే, వీసా, మాస్టర్ కార్డు వంటి వ్యవస్థ రెండవది. అమ్మువాని తరపు బ్యాంకు మూడవది. వాడుకలో పేమెంట్ గేట్‌వే యనబడు మధ్యవర్తి సంస్థ నాలుగవది. నలుగురును తలకొంత తీసికొనగా మిగిలినది మనకు వచ్చును. యార్డులో కాటా వద్ద తరుగు, హమాలీ, కమీషను తీసిన తరువాత చీటీ వ్రాసినట్లే యిదియు నని గ్రహింపుడు.

2. అయిదు మార్గములు

మొదటిది యు.పి.ఐ. ఇది 2016లో ఆరంభమైనది. కొనువాడు మన క్యూ.ఆర్. కోడ్ చూచి గాని, మన సంఖ్యకు గాని తన ఖాతానుండి సొమ్ము పంపును. 2020 జనవరి 1వ తేదీనుండి యు.పి.ఐ.పైనను, రూపే డెబిట్ కార్డుపైనను అమ్మువాడు చెల్లించు రుసుము రద్దయినది. ఇతర డెబిట్ కార్డులకు, ఏడాది వ్యాపారము 20 లక్షలకు మించని చిన్న వర్తకునినుండి నూటికి 40 పైసలకు మించి తీసికొనరాదని రిజర్వు బ్యాంకు 2018 జనవరినుండి హద్దు విధించెను. క్రెడిట్ కార్డునకు అట్టి హద్దు లేదు.

రెండవది గేట్‌వే. ఈ సంస్థ మనకొక లింకు నిచ్చును. దానిని కొనువాని ఫోనునకు పంపినచో అతడు కార్డు వివరములను ఆ సంస్థ పుటయందే నింపి చెల్లించును. మనకు వెబ్‌సైటు లేకున్నను పని జరుగును. క్రెడిట్ కార్డునకు సుమారు నూటికి రెండు రూపాయల రుసుము, ఆ రుసుముపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. సాధారణము. 2,000 రూపాయలకు మించని బేరములలో, రిజర్వు బ్యాంకు నియంత్రణకు లోబడిన మధ్యవర్తి సంస్థల ఆ సేవకు జి.ఎస్.టి. మినహాయింపు కలదని 2024 డిసెంబరులో జి.ఎస్.టి. మండలి స్పష్టపఱచెను. సొమ్ము సాధారణముగా రెండు మూడు పని దినములలో మన ఖాతాకు చేరును.

మూడవది స్వైపింగ్ యంత్రము. ఇది కొనువాడు ఎదుట నిలిచి కార్డు గీయు అంగడికి తగినది. ఒంగోలులో దుకాణము పెట్టినవానికి ఉపయోగము. పార్సెలు పంపువానికి దీనిచే లాభము లేదు. నెలసరి అద్దె మాత్రము సాధారణముగా పడును.

నాలుగవది అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటి పెద్ద అంగళ్లలో సరుకు పెట్టుట. కార్డు పుచ్చుకొను భారమంతయు వారిదే. కాని కమీషను సరుకును బట్టి మాఱును. దానికి తోడు రవాణా, ఇతర రుసుములు కలవు. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యొకటి: కొనుగోలుదారుడు వారివాడగును గాని మనవాడు కాడు. వచ్చు ఏడాది అతనికి క్రొత్త కారము వచ్చినదని చెప్పుటకు అతని చిరునామా మనయొద్ద నుండదు.

అయిదవది సరుకు చేరిన పిమ్మట నగదు. వెనుకటి వి.పి.పి.కి ఇది మనుమడు. కొనువానికి సుఖము, అమ్మువానికి అపాయము. తలుపు తట్టినప్పుడు ఇంట లేనివాడు, మనసు మార్చుకొన్నవాడు పార్సెలును త్రిప్పి పంపును. పోవు కూలియు వచ్చు కూలియు మనమే భరింపవలెను.

3. లెక్క వేసి చూతము

అంకెలు లేని సలహా తూకము లేని బేరము వంటిది. కావున ఒక ఉదాహరణము తీసికొందము. ఒక సభ్యుడు నెలకు 3,000 రూపాయల చొప్పున పది పార్సెళ్లు అమ్మెననుకొందము. కాయ వెల, ఆడించు కూలి, సంచి, రవాణా అన్నియు పోగా పార్సెలునకు 450 రూపాయలు లాభము మిగులుననుకొందము.

యు.పి.ఐ. ద్వారా వచ్చిన పార్సెలునకు తరుగు లేదు. 450 రూపాయలును మిగులును.

క్రెడిట్ కార్డు ద్వారా వచ్చినచో రుసుము 60 రూపాయలు, దానిపై పన్ను 10 రూపాయల 80 పైసలు, వెరసి 70 రూపాయల 80 పైసలు. మిగులునది 379 రూపాయల 20 పైసలు.

పెద్ద అంగడి నూటికి పది కమీషను తీసికొన్నదనుకొన్నచో 300 రూపాయలు, దానిపై పన్ను 54 రూపాయలు, మొత్తము 354. మిగులునది 96 రూపాయలు మాత్రమే.

సరుకు చేరిన పిమ్మట నగదు పద్ధతిలో పదింట రెండు పార్సెళ్లు త్రిప్పి వచ్చి, ఒక్కొక్కదానికి రానుపోను 200 రూపాయలు పోయినవనుకొందము. చేరిన ఎనిమిదింటికి వసూలు కూలి 50 చొప్పున 400 అనుకొందము. మొత్తము 800 నష్టము. పైగా రెండు పార్సెళ్ల లాభము 900 రాకపోయెను. త్రిప్పి వచ్చిన కారపు పొట్లము చినిగిన యెడల ఆ నష్టము వేఱు.

ఇచ్చట నేర్చుకొనవలసిన మొదటి పాఠమిది. నూటికి రెండు అనగా స్వల్పమని తోచును. కాని ఆ రెండు రూపాయలు అమ్మిన వెలపై పడును గాని లాభముపై కాదు. 450 రూపాయల లాభములో 70 రూపాయల 80 పైసలనగా నూటికి సుమారు పదునాఱు వంతులు. రుసుమును ఎల్లప్పుడు లాభముతో పోల్చి చూడుడు. వెలతో పోల్చి సంతోషింపకుడు.

అట్లయినచో కార్డు వలదందమా? తొందరపడవలదు. రెండవ పాఠము వినుడు. పది మందిలో ఏడుగురు యు.పి.ఐ. ద్వారా పంపి, ముగ్గురు కార్డుతో చెల్లించిరనుకొందము. ఆ ముగ్గురివలన మనకు పడు తరుగు 212 రూపాయల 40 పైసలు. కార్డు లేదన్నందున ఆ మువ్వురిలో ఒక్కడు మరియొకచోట కొన్నచో మనకు పోవు లాభము 450 రూపాయలు. కావున ఒక్కడు తొలగిపోయినను కార్డు నిరాకరించుటే ఎక్కువ నష్టము. నెలాఖరున చేత నగదు లేక కార్డుతోనే ఏడాది కారము కొను గృహస్థులు గలరు. వారిని పోగొట్టుకొనరాదు.

దీనివలన తేలిన నియమమిది: యు.పి.ఐ.ని ముందుంచుము; గేట్‌వే లింకును వెనుక నుంచుము; అడిగినవానికి మాత్రమే లింకు పంపుము. రుసుమును వెలలోనే ముందుగా కొంచెము సర్దుకొనవలెను. డెబిట్ కార్డు రుసుమును కొనువానిపై వేయరాదని రిజర్వు బ్యాంకు ఆదేశము కలదు. క్రెడిట్ కార్డునకు వేఱుగా సొమ్ము అడుగుటను పెక్కు ఒప్పందములు నిషేధించును.

ఇంకొక సూక్ష్మము కలదు. 2022 సెప్టెంబరునుండి రూపే క్రెడిట్ కార్డును యు.పి.ఐ.తో జతపఱచు సదుపాయము వచ్చినది. చిన్న వర్తకులకు 2,000 రూపాయల వఱకు దీనిపై రుసుము లేదు. కాని ఇది స్వంత ఖాతా కోడ్‌నకు పని చేయదు, వ్యాపారపు క్యూ.ఆర్. కోడ్ కావలెను. కావున బ్యాంకువారిని వ్యాపారపు కోడ్ అడిగి తీసికొనుడు.

4. అద్దె గల సంస్థయా, అద్దె లేని సంస్థయా?

గేట్‌వే ప్రతినిధి మీయొద్దకు వచ్చి, "మావారు నూటికి 1.75 మాత్రమే తీసికొందురు, ఏటా 3,000 రూపాయల చందా కట్టిన చాలును" అనుననుకొందము. మరియొక సంస్థ చందా లేదని చెప్పి నూటికి రెండు అడుగుననుకొందము. ఏది చౌక? రెండింటికి భేదము నూటికి పావు రూపాయ. 3,000 రూపాయల చందా పావు రూపాయల చొప్పున తిరిగి రావలెనన్నచో ఏడాదికి 12 లక్షల రూపాయల కార్డు అమ్మకము జరుగవలెను. మన ఉదాహరణములోని సభ్యుని కార్డు అమ్మకము నెలకు 9,000, ఏటికి 1,08,000 మాత్రమే. అతనికి తక్కువ రేటు ఆశ చూపి చందా కట్టించుట, ఎకరము చేనునకు ట్రాక్టరు కొనిపించుట వంటిది. అమ్మకము తక్కువగా నున్నంతకాలము అమ్మినప్పుడే రుసుము తీసికొను సంస్థయే మేలు.

5. వచ్చిన సొమ్ము వెనుకకు పోవు విధము

కార్డు సొమ్ము ఖాతాలో పడినంతనే మనదని తలపరాదు. కొనువాడు సరుకు రాలేదనియో, చెడినదనియో, కార్డు తాను వాడలేదనియో తన బ్యాంకునకు ఫిర్యాదు చేయవచ్చును. అప్పుడు ఆ బ్యాంకు సొమ్మును వెనుకకు తీసికొని, మనలను ఋజువు అడుగును. నిర్ణీత దినములలో ఋజువు పంపనిచో సరుకును పోవును, సొమ్మును పోవును. కావున ప్రతి పార్సెలునకు నాలుగు వస్తువులు భద్రపఱచుడు: కాటాపై పొట్లము నుంచి తీసిన ఛాయాచిత్రము, కొరియరు రసీదు, చేరినట్లు సంతకపు ఋజువు, కొనువానితో జరిగిన సందేశములు. వీనిని కనీస మాఱు నెలలు తుడిచివేయకుడు.

కార్డు సంఖ్యను, వెనుకనున్న మూడంకెలను ఫోనులో చెప్పుమని కొనువానిని ఎన్నడు అడుగకుడు. అతడు చెప్పినను వ్రాసికొనకుడు. అమ్మువారు కార్డు వివరములను దాచుకొనరాదని 2022 అక్టోబరు 1వ తేదీనుండి నిబంధన అమలులో నున్నది. మన దేశములో దూరపు కార్డు బేరమునకు రెండవ ధ్రువీకరణ 2009 ఆగస్టునుండి విధిగా నున్నది, ఆ ఓ.టి.పి. కొనువాని ఫోనుకే పోవును, అతడే నింపవలెను.

సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ నొక్కవలసిన పని ఎన్నడు లేదు. "సొమ్ము పంపినాను, పిన్ నొక్కి తీసికొనుడు" అనువాడు దొంగ. మోసము జరిగిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేయి దాటిపోవును.

ఇంటి ఖాతాను, వ్యాపార ఖాతాను కలుపకుడు. దొంగసొమ్ము తెలియక మన ఖాతాకు చేరిన యెడల, విచారణ ముగియు వఱకు ఆ ఖాతాను నిలిపివేయు నవకాశము కలదు. పంట అప్పు, పిల్లల ఫీజు, పింఛను అన్నియు ఆ ఖాతాలోనే యున్నచో ఇల్లంతయు స్తంభించును.

6. విదేశములలోని మనవారు

అమెరికాలోని కుమారునకో, అక్కడి స్నేహితులకో కారము, పచ్చడి పంపుటకు పలువురకు ఆశ. విదేశపు కార్డు పుచ్చుకొనుటకు గేట్‌వేయందు ప్రత్యేకపు అనుమతి కావలెను. రుసుము దేశీయ కార్డుకంటె ఎక్కువ. డాలరును రూపాయగా మార్చునప్పుడు మరికొంత తరుగును. విదేశమునకు వ్యాపారముగా పంపుటకు ఎగుమతి కోడ్ సంపాదింపవలెను. అమెరికా ప్రభుత్వము 800 డాలర్ల లోపు పార్సెళ్లకు గల సుంకపు మినహాయింపును 2025 ఆగస్టు 29వ తేదీనుండి తొలగించినది. ఇవన్నియు లెక్కింపక ధర చెప్పినవాడు నష్టపోవును.

సులువైన దారి యొకటి కలదు. 2023నుండి అమెరికా, ఇంగ్లాండు, సింగపూరు, ఎమిరేట్లు మొదలగు కొన్ని దేశముల ఫోను సంఖ్యలతోనే ప్రవాసులు మన దేశమునందలి తమ ఎన్.ఆర్.ఇ., ఎన్.ఆర్.ఓ. ఖాతాలనుండి యు.పి.ఐ. వాడుకొనగలరు. ఒంగోలులోని తల్లిదండ్రులకు కారము పంపుమని కోరు కుమారుడు ఈ విధముగా సొమ్ము పంపినచో సరుకు దేశము దాటదు, రుసుము పడదు.

7. ఒక్కరుగా కంటె సంఘముగా

గేట్‌వేవారు ఖాతా తెఱచుటకు పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, చిరునామా ఋజువు, సరుకు త్రిప్పి యిచ్చు నిబంధనలు అడుగుదురు. ఆహార పదార్థమునకు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నమోదు ఉండవలెను. స్వయముగా పండించిన పంటను అమ్ము రైతునకు జి.ఎస్.టి. నమోదు అక్కఱలేదు, కాని కాయను కారము చేసి యితర రాష్ట్రములకు అమ్మినప్పుడు ఆ మినహాయింపు చాలదు. ఇన్ని కాగితములు ప్రతి సభ్యుడును వేఱువేఱుగా సమకూర్చుకొనుట కష్టము. సంఘము ఒక్కసారి సమకూర్చినచో అందఱకు చాలును. నలువదిమంది అమ్మకము ఒక్కచోట చేరినప్పుడు రుసుము తగ్గింపుమని అడుగుటకు నోరు వచ్చును.

అయితే ఒక జాగ్రత్త. సభ్యుని సరుకు సభ్యునిదిగానే యుండగా, సొమ్ము మాత్రము సంఘపు గేట్‌వే ఖాతాలో వసూలు చేసి పంచుట తగదు. ఇతరుల తరపున వసూలు చేయుటను ఆ ఒప్పందములు సాధారణముగా అంగీకరింపవు. ఆ పనికి రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన సంస్థలు వేఱుగా కలవు. సంఘము సభ్యునియొద్ద సరుకును తూకము వేసి కొని, తన పేరుతో అమ్మి, లెక్క పుస్తకమున వ్రాసి, ఇద్దఱి సంతకములతో సొమ్ము చెల్లింపవలెను. అప్పుడు తూకమునకు, ధరకు, తరుగునకు అందఱును సాక్షులగుదురు. గేట్‌వేను ఎంచుకొనునప్పుడు ఆ సంస్థకు చెల్లింపుల మధ్యవర్తిగా రిజర్వు బ్యాంకు అనుమతి కలదా యని మొదట విచారింపుడు. అనుమతి గల సంస్థ వర్తకుల సొమ్మును తన సొమ్ముతో కలుపక, బ్యాంకులో ప్రత్యేకపు ఎస్క్రో ఖాతాలో నుంచవలెను. అనుమతి లేనివాని రేటు ఎంత చౌకయైనను మనకు వలదు.

సభలో చర్చింపవలసిన ప్రశ్నలు

కార్యదర్శులు ఈ పాఠమును నెలసరి సమావేశమున చదివించి, ఈ క్రింది ప్రశ్నలకు సభ్యులచేతనే లెక్క కట్టింపవలెనని కోరుచున్నాను.

మీ సరుకు పార్సెలు ఒక్కింటికి ఖర్చులన్నియు పోగా మిగులు లాభమెంత? అందులో కార్డు రుసుము నూటికెన్ని వంతులు?

పదిమంది కొనుగోలుదారులలో ఎందఱు యు.పి.ఐ. వాడుదురు? మిగిలినవారిలో ఎందఱు కార్డు లేనిచో కొనరు?

ఏటికి 2,000 రూపాయల చందా గల సంస్థ నూటికి 1.80 తీసికొనును, చందా లేనిది నూటికి 2 తీసికొనును. ఏడాదికి ఎంత కార్డు అమ్మకము జరిగిన పిమ్మట మొదటిది చౌక యగును?

మూడవ ప్రశ్నకు పది లక్షలని లెక్క తేల్చిన సభ్యుడు ఈ పాఠమును గ్రహించినవాడు. అట్టివాడు ఏ ప్రతినిధి మాటలకు లోబడక తన కారపు పొట్లమునకు తానే ధర కట్టుకొనగలడు.